గుడ్డ లేని వెదురు

మా పాత మేనేజరు గారు పోయిన కబురు నాకు పొద్దుటి కాఫీ చల్లారేలోపు నాలుగు వైపుల నుంచి వచ్చింది. మొదట పెందుర్తిలో ఆయన కాలనీలోనే ఉండే స్నేహితుడు ఫోన్ చేశాడు. ఆ ఫోన్ పెట్టేలోపే వాట్సాప్‌లో పూలదండ వేసిన ఫోటో వచ్చింది. తర్వాత ఫిషింగ్ హార్బర్‌లో ఒకప్పుడు నాతో పనిచేసిన మనిషి, ఆ తర్వాత మా వీధి చివర మందుల షాపతను. అందరిదీ ఒకటే మాట, తెలిసిందా అని. తెలిసిందండీ. ఒక మనిషి పోయిన సంగతి అక్కర్లేనివాడికి కూడా అరగంటలో చేరవేయవచ్చని నాకు ఆ రోజు బాగా తెలిసింది. మా నాన్న పోయిన కబురు నాకు చేరడానికి ఎనిమిది రోజులు పట్టింది. అది కూడా ఏ మనిషీ తేలేదు. ఒక వెదురుకర్ర తెచ్చింది.

మేనేజరు గారి పెద్దకర్మ అయిన వారానికి వాళ్ల అబ్బాయి మా ఇంటికి వచ్చాడు. మర్యాదస్తుడు, చెప్పులు గుమ్మం బయటే విప్పి వచ్చాడు. తండ్రి పేరు మీద ఒక చిన్న సంచిక వేస్తున్నామని, కంపెనీ రోజుల గురించి నాలుగు మాటలు రాసిపెట్టమని అడిగాడు. నేను రాసేవాడినని ఊళ్లో పేరుంది. నిజమే, నలభై ఏళ్లుగా రాస్తూనే ఉన్నాను. కుళాయి రాలేదని రాశాను, బస్సు ఆపలేదని రాశాను, పెన్షన్ కాగితంలో నా పేరు తప్పు కొట్టినందుకు పదకొండు ఉత్తరాలు రాశాను. మధ్యలో కొన్ని కథలు కూడా రాశాను, వాటి గురించి ఎవరూ అడగరు. "నాన్నగారు స్టాఫ్‌ని సొంత మనుషుల్లా చూసుకునేవారు కదా అంకుల్, ఆ సంగతి రాస్తే బాగుంటుంది," అన్నాడు. పాత రోజులు గుర్తుకు రావడానికి పనికొస్తుందని, తండ్రి రాసుకున్న డైరీ ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి వెళ్లాడు. అది సరిగ్గా మా నాన్న పోయిన సంవత్సరం డైరీయే. రెండు రోజులు నేను దాన్ని ముట్టుకోలేదు.

చార్టర్ బోట్లంటే ఏమిటో ఈ తరానికి చెప్పాలి. విశాఖ హార్బర్‌లో అప్పట్లో అవి వరుసగా కట్టి ఉండేవి. బోటు తూర్పు దేశాలది, వలలు వాళ్లవి, కెప్టెను వాళ్లవాడు, వంటవాడితో సహా మనుషులందరూ వాళ్లే. ఇక్కడి కంపెనీ ఒకటి ఆ బోటును అద్దెకు తీసుకుని మన సముద్రంలో వేట చేయించేది. ఒక షరతు ఉండేది. బోటు మీద మన దేశం మనిషి ఒకడైనా ఉండాలి. వాడు దిగిపోతే బోటు వేట ఆపి ఒడ్డుకు రావాలి. ఆ ఒక్కణ్ణి నేనే. ఇంటర్ పాసై, ఇంగ్లీషు చదవడం వచ్చి, సముద్రం మీద కక్కుకోని కుర్రాళ్లు మా వైపు ఎక్కువమంది లేరు. నా ఈడువాళ్లలో సగంమంది ఉక్కు ఫ్యాక్టరీ కట్టుబడి పనికి పోతున్నారు. నాకు ఇటుకలు మోయడం ఇష్టం లేదు. బోటు మీద నాకు రెండు పనులు. ఉదయం, సాయంత్రం వైర్‌లెస్‌లో ఆఫీసుతో మాట్లాడాలి. బోటు ఒడ్డువైపు వచ్చినప్పుడు మన తెప్పలవాళ్ల వలలు ఎక్కడున్నాయో చూసి కెప్టెనుకు చెప్పాలి. వేసవిలో ఒక నెల, మధ్యలో ఒడ్డుకు రావడం ఉండదు.

మాది భీమిలి అవతల ఇసుకలో నలభై గడపల ఊరు. మా ఇంటి వాసన ఇప్పటికీ నాకు తెలుసు. వెనక దొడ్లో మూడు రాళ్ల మీద పెద్ద కుండ, అందులో తుమ్మచెక్క ఉడుకుతూ ఉండేది. ఆ కషాయంలో వల తాళ్లు నానబెడితే ఉప్పునీటికి చివకకుండా ఉంటాయి. ఊరంతా నైలాన్ తాళ్లకు మారిపోయినా మా నాన్న పైతాడు మాత్రం నూలుదే వాడేవాడు, దాన్ని ఎర్రగా ఉడకబెట్టి ఇసుక మీద ఆరబెట్టేవాడు. ఆ రోజుల్లో మా ఇంట్లో అంబలి తాగినా తుమ్మచెక్క వగరే. నాన్నది పుర్రచేతి వాటం. అందరి ముడులూ ఒకవైపు తిరిగితే ఆయన ముడులు ఇంకోవైపు తిరిగేవి. వల కళ్లు మూసుకుని తడిమినా ఇది ఎవరి ముడో చెప్పగలిగేవాడిని. ఆయన అన్నం ముందు కూర్చుని మొదటి ముద్ద పక్కన పెట్టేవాడు, చేపను కాలితో తగలనిచ్చేవాడు కాదు, సముద్రంలోకి దిగేముందు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. అమ్మ నా చిన్నప్పుడే పోయింది. అక్కను నాన్న అదే ఊళ్లో ఎల్లాజీ బావకు ఇచ్చాడు. నాన్న, బావ ఒకే తెప్ప మీద వేటకు వెళ్లేవారు.

వల వేశాక అది ఎక్కడుందో తెలియడానికి తేలే చెక్కకు నిలువుగా వెదురు కట్టి, దాని కొసకు గుడ్డ కడతారు. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు. మాది పసుపు గుడ్డ. ఏడాదికోసారి సింహాచలం వెళ్లినప్పుడు నాన్న కొత్త గుడ్డ తెచ్చేవాడు. దూరం నుంచి గుడ్డ చూసి ఇతర తెప్పలవాళ్లు కేకేసి పలకరిస్తారు, వేట ఎలా ఉందని అడుగుతారు. ఇంట్లో చావు జరిగితే పదకొండో రోజు పెద్దకార్యం అయ్యేదాకా ఆ ఇంటి వల మీద గుడ్డ కట్టరు. మైలలో ఉన్నవాణ్ణి వేట ఎలా ఉందని అడగకూడదు. కానీ కడుపు ఆగదు కాబట్టి మూడో రోజు చిన్నకార్యం కాగానే సముద్రంలోకి వెళ్లాల్సిందే. అందుకని వట్టి వెదురు. వట్టి వెదురు కనిపిస్తే దారిన పోయే తెప్పవాడు తెడ్డు పైకెత్తి పట్టి, మాట లేకుండా పక్కనుంచి పోతాడు. ఇది ఎక్కడా రాసి లేదు. మా ఊళ్లో పుట్టినవాళ్లకు నడక వచ్చినట్టు వస్తుంది.

నేను చార్టర్ బోటు ఎక్కుతానన్నప్పుడు నాన్న వల బాగుచేస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఆల్ల బోట్లు మన వలల్ని కోసీసి పోతన్నాయి. నువ్వెక్కి ఏటి సేత్తావు?"

"నానెక్కితే కొయ్యనివ్వను కదా," అన్నాను.

ఆయన చాలాసేపు ముడులు వేసుకుంటూ కూర్చున్నాడు. నేను బయల్దేరుతుంటే మాత్రం, "గుడ్డ సూసుకో," అన్నాడు. నాతో ఆయన అన్న ఆఖరి మాట అదే.

బోటు మీద మొదటి పది రోజులు నాకు కోపం తప్ప ఇంకేమీ గుర్తు లేదు. వల ఎత్తి డెక్ మీద గుమ్మరిస్తే నడుము ఎత్తు చేపలు పడేవి. వాళ్లకు కావలసింది రొయ్యలు. రొయ్యలు ఏరుకుని, చందువలూ అలాంటివి కొన్ని ఐసులో వేసుకుని, మిగతా కవళ్లు, కానాగంతలు, పేరు తెలియని పిల్లచేపలు, అన్నీ పారతో సముద్రంలోకి నెట్టేసేవారు. చచ్చిన చేపలు బోటు వెనక తెల్లగా చాప పరిచినట్టు తేలేవి. మా ఊళ్లో ఒక ఇంటికి నెల రోజులు సరిపోయే చేప అది. బూటు కాళ్లతో తన్నేవారు. నేను వంగి చేతులతో ఎత్తి పక్కకు పెడుతుంటే నవ్వుకునేవారు. నెమ్మది మీద ఒక్క కెప్టెను మాత్రం నవ్వడం మానేశాడు. అరవై ఏళ్ల మనిషి, ఎప్పుడూ చేతుల్లేని బనియనులో ఉండేవాడు, ఫ్లాస్కులో వేడి నీళ్లు తాగేవాడు. నూకరాజు అనడం రాక నన్ను నూకా అని పిలిచేవాడు. బోటు నడిపే గదిలో ఆయన కొలిచే సముద్రపు దేవత బొమ్మ ఉండేది, దాని ముందు ఎర్ర బల్బు. రోజూ పొద్దున అగరొత్తులు వెలిగించాకే వల దించేవాడు. మాకు ఉమ్మడిగా తెలిసిన మాటలు ఇరవై ఉంటాయేమో.

వైర్‌లెస్‌లో మేనేజరు గారు ఎంతో కలుపుగోలుగా మాట్లాడేవారు. కృష్ణా జిల్లా మనిషి, గొంతు బాగుండేది. రొయ్య ఎన్ని పెట్టెలు అని అడిగి, చివర తప్పకుండా, "ఒంట్లో బాగుందా నూకరాజూ? ఎండగా ఉంది, మజ్జిగ తాగుతూ ఉండు," అనేవారు. బోటు మీద మజ్జిగ ఎక్కడిదని నేను ఎప్పుడూ అనలేదు. ఆ గొంతు వింటే ధైర్యంగా ఉండేది. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది కాని, నిజం కాబట్టి రాస్తున్నాను.

మూడో వారంలో రొయ్య కోసం బోటు ఒడ్డుకు బాగా దగ్గరగా వచ్చింది. కొండలు, సరుగుడు తోటలు కనిపిస్తున్నాయి. పొద్దున ఎనిమిదింటికి కెప్టెను బైనాక్యులర్ నాకిచ్చి ముందుకు చూపించాడు. ఒక వెదురు నిలబడి ఉంది. గుడ్డ లేదు. ఊళ్లో ఉన్నవాడినైతే, తెప్ప మీద ఉన్నవాడినైతే, ఆ వెదురు చూడగానే నా చెయ్యి దానంతటదే తెడ్డు పైకి ఎత్తేది. ఎవరింట్లో అని అడిగేవాడిని. కానీ నేను పెద్ద బోటు మీద ఉన్నాను, మెడలో వాళ్ల బైనాక్యులర్ ఉంది, మూడు వారాలుగా వాళ్ల అన్నం తింటున్నాను. గుడ్డ ఉంటే వల ఉన్నట్టు, లేకపోతే తాడు తెగి కొట్టుకొచ్చిన వెదురు అన్న లెక్కకు వచ్చేశాను. "నో ఫ్లాగ్. గో," అన్నాను. ఆ రెండు ముక్కలూ నావే. వాటిని ఇంకొకరి నెత్తిన పెట్టను.

గంటన్నర తర్వాత వల ఎత్తితే చేపలతోపాటు ఇంకో వల వచ్చింది, తాళ్లు మెలిపడి, నడిమికి చీలిపోయి. వాళ్లలో ఒకడు కత్తి తీసి కోసి పారేయబోయాడు. పైతాడు ఎర్రగా ఉంది. నేను వెళ్లి పట్టుకున్నాను. తడి తాడు మీద ముడి వేలికి తగిలింది. ఇంకోవైపు తిరిగి ఉంది. రెండోది తడిమాను, మూడోది తడిమాను. మా నాన్న ముడులు. తుమ్మచెక్క వాసన ఆ ఉప్పునీళ్లలో కూడా పోలేదు. అప్పుడు వెదురు గుర్తొచ్చింది. గుడ్డ ఎందుకు లేదో అప్పుడు తెలిసింది. మా ఇంట్లో ఎవరో పోయారు. పోయి పదకొండు రోజులు ఇంకా కాలేదు. ఎవరన్నది మాత్రం వల చెప్పదు. నాన్న, అక్క, బావ. ఆ ముగ్గురిలో ఒకరు.

వైర్‌లెస్ దగ్గరికి పరుగెత్తాను. ఆ వేళప్పుడు పిలవకూడదు. పిలిచాను. సార్, మా ఇంట్లో ఎవరో పోయారు, ఎవరో చెప్పండి అన్నాను.

వైర్‌లెస్ గరగరలాడింది. తర్వాత ఆయన గొంతు, "నీకెవరు చెప్పారయ్యా?" అంది.

"వల సెప్పింది సార్."

ఆయన నవ్వారు. ఎండదెబ్బ తగిలిందేమో, కాసేపు పడుకోమన్నారు. ఇక్కడికి ఎవరూ రాలేదని, వస్తే చెప్పడానికి తనకేం కష్టమని, పని చూసుకోమని చెప్పి కట్టేశారు. చావు గురించి అడిగినవాణ్ణి మామూలు మనిషి ముందేమడుగుతాడు? ఎవరు పోయారని అడుగుతాడు. ఆయన ఎవరు చెప్పారని అడిగారు. ఆ తేడా నాకు తట్టడానికి ఎన్నేళ్లు పట్టిందో తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాకు తెలిసిన పని ఒకటే, మొండికేయడం. వలతాడు చుట్టే యంత్రం మీద ఎక్కి కూర్చున్నాను. నేను దిగితే తప్ప మళ్లీ వల దించలేరు. నా పక్కన మా నాన్న వల కుప్పగా పెట్టుకున్నాను. ఎండ మండిపోతోంది, నా తెల్ల తువ్వాలు తడిపి తలకు కట్టుకున్నాను. ఇద్దరు వచ్చి భుజం పట్టి లాగారు. తిట్టారు. నేను కదల్లేదు. కెప్టెను కోపంగానే వచ్చాడు. వచ్చినవాడు నా తల చూసి ఆగిపోయాడు. వాళ్ల దేశంలో కూడా మనిషి పోతే తలకు తెల్లగుడ్డ కడతారట, ఆ సంగతి నాకు చాలా కాలం తర్వాత తెలిసింది. నేను ఎండకు కట్టుకున్నదాన్ని ఆయన చావుకు కట్టుకున్నాననుకున్నాడు. ఒక విధంగా సరిగ్గానే అనుకున్నాడు. వల వైపు చూపించాడు, ఒడ్డు వైపు చూపించాడు, తల పక్కకు వాల్చి కళ్లు మూసుకున్నాడు. అవునన్నాను. ఎవరు అన్నట్టు చెయ్యి తిప్పాడు. నేను రెండు చేతులూ చాపాను, తెలియదని. ఆయన లోపలికి వెళ్లి మూడు అగరొత్తులు వెలిగించి తెచ్చి నా చేతిలో పెట్టాడు. నా భుజాలు పట్టి ఒడ్డు వైపు తిప్పాడు. ఆ తర్వాత ఎవరినీ అడగకుండా బోటు తిప్పాడు. నా భాష రానివాడు, నా దేవుణ్ణి ఎరగనివాడు చేసిన పని అది. నా భాషవాడు ఏం చేశాడో ముందుముందు రాస్తాను.

మధ్యాహ్నానికి హార్బర్ చేరాం. వల భుజాన వేసుకుని నేరుగా ఆఫీసుకు వెళ్లాను. ఫ్యాను తిరుగుతోంది. మేనేజరు గారు లేచి, కుర్చీ చూపించి, మూలనున్న కుండలోంచి తన చేత్తో సత్తు చెంబుతో నీళ్లు ముంచి ఇచ్చారు. గటగటా తాగాను. మా ఊరి నుంచి ఎవరైనా వచ్చారా అని మళ్లీ అడిగాను. "నా పిల్లల మీద ఒట్టు నూకరాజూ, ఎవరూ రాలేదు," అన్నారు. ఆ తర్వాత బోటు ఒడ్డుకు తెప్పించిన సంగతి ఎత్తి, రేపటి నుంచి నా బదులు ఇంకొకణ్ణి చూసుకుంటామని కూడా మెత్తగానే చెప్పారు. మంచినీళ్లిచ్చి ఉద్యోగం తీసేయడం ఆయన పద్ధతి.

బస్సెక్కి, దిగి, సరుగుడు తోటల్లోంచి నడిచి ఊరు చేరేసరికి సాయంత్రమైంది. ఒడ్డున తెప్ప పక్కన బావ కూర్చుని ఉన్నాడు. తల గొరిగి ఉంది. ఇంక అడగక్కర్లేకపోయింది. కొడుకు లేని చోట అల్లుడు కొరివి పెట్టాడు. నాన్న గుండె పట్టుకుని తెప్ప పక్కనే కూలిపోయాడట. నేను వస్తానని శవాన్ని రెండో రోజు మధ్యాహ్నం దాకా, ఆ ఎండల్లో, తడిగుడ్డలు కప్పి ఉంచారట.

"పోయిన పూటే ఆపీసుకెళ్లి సెప్పొచ్చాను కదా నూకరాజూ," అన్నాడు బావ. "బోటు మీదకి కబురంపుతామన్నారు. నువ్వొత్తావని సూత్తా కూకున్నాం."

"ఎవలూ రాలేదని ఆపీసులో సెప్పినారు," అన్నాను.

"అయితే నాను అబద్దం ఆడతన్నానా?"

నేను వలను ఈ భుజం మీంచి ఆ భుజం మీదకు మార్చుకున్నాను. అదే జవాబయింది. ఆయన నా భుజం మీది వల చూశాడు. ఆ వల మీదే రెండు ఇళ్లు బతుకుతున్నాయి. దాన్ని దించి ఇసుక మీద పరిచి, చీలిక ఎంత పొడవుందో మూరలతో చూసుకుంటూ అటు నడిచి వెళ్లిపోయాడు. నా ఉద్యోగమేమిటో ఎరిగిన ఒక ముసలాయన పక్కనే పొగ తాగుతూ, అయ్య వల మీదకి బోటు తోలించిన కొడుకువి నువ్వేనా, మంచి కొడుకువిరా అన్నాడు. ఆ ముసలాయన పోయి ముప్ఫై ఏళ్లయింది, ఆ మాట పోలేదు.

పెద్దకార్యానికి అందాను. కొరివికి అందలేదు. ఆ తర్వాత నేను చేసినదంతా కాగితాల మీదే చేశాను. కంపెనీకి రాశాను, ఆ పై ఆఫీసులకు రాశాను, పత్రికలకు రాశాను. అందరికీ రాస్తే ఒక్కరే జవాబిచ్చారు, కంపెనీవాళ్లు. టైపు కొట్టిన కాగితం, కింద ముద్ర, మేనేజరు గారి సంతకం. తండ్రి మరణవార్తతో ఎవరూ మా కార్యాలయానికి రాలేదు అని. టైపు కొట్టిన కాగితానికి ఏదో శక్తి ఉంటుంది. అదే సమయంలో ఊళ్లో ఎవరో నా చెవిన వేశారు, కొరివి పెట్టినవాడికే కదా తెప్ప దక్కేది, ఎల్లాజీ కబురు పంపితే కదా నువ్వొచ్చేది అని. నేను ఆ మాట నమ్మానని అనను. నమ్మలేదని కూడా అనను. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడారు, ఎవరో తేలేదాకా ఇద్దరూ నాకు అక్కర్లేదని నాకు నేను చెప్పుకున్నాను. కానీ ఇద్దరినీ ఒకేలా చూడలేదు. పెళ్లిళ్లలో మేనేజరు గారు కనిపిస్తే నమస్కారం పెట్టాను, ఆయన నా ఆరోగ్యం అడిగారు. తగరపువలస సంతలో బావ కనిపిస్తే తల తిప్పుకున్నాను. బావ పోయినప్పుడు వెళ్లి వాకిట్లో నిలబడ్డాను. అక్క లోపలికి రమ్మనలేదు. నేను వెళ్లలేదు.

మేనేజరు గారి అబ్బాయి వచ్చి వెళ్లిన మూడో రోజు డైరీ తెరిచాను. నీలం సిరా, గుండ్రటి అక్షరాలు. ఆ వేసవి నెల ఎక్కడుందో వెతకడానికి ఎంతోసేపు పట్టలేదు. పేజీలో నాలుగే వాక్యాలు. ఎల్లాజీ అనే అతను వచ్చాడు. నూకరాజు తండ్రి మృతి. బోటు వచ్చేదాకా చెప్పనక్కర్లేదు, రొయ్య బాగా పడుతోంది. సాయంత్రం సింహాచలం వెళ్లి వచ్చాము.

తర్వాతి పేజీలు కూడా చదివాను. ప్రతి పేజీలో పెట్టెల సంఖ్య, దాని పక్కన, నూకరాజు కులాసా. ఎనిమిది రోజులు, రోజుకు రెండుసార్లు, ఆ మనిషి నా గొంతు విన్నాడు. మా నాన్న ఒంటి మీద తడిగుడ్డలు మారుస్తున్న పూట కూడా నన్ను మజ్జిగ తాగమన్నాడు. స్టాఫ్‌ని సొంత మనుషుల్లా చూసుకోవడమంటే ఇదేనేమో నాకు తెలియదు. ఆ అబ్బాయి ఈ డైరీ చదివి ఇచ్చాడని నేను అనుకోవడం లేదు. అతని మీద నాకు కోపం లేదు. కానీ నాలుగు మాటలు అడిగాడు కాబట్టి, నాలుగు మాటలూ అతని తండ్రి చేతిరాతలోనే దొరికాయి కాబట్టి, ఇది మొత్తం రాసి పంపుతున్నాను. వేస్తారో చింపుతారో వాళ్ల ఇష్టం. అవతల మనిషి లేడు కదా, ఇప్పుడెందుకు అని ఒక స్నేహితుడన్నాడు. ఉన్నప్పుడు కాగితం లేదు, కాగితం దొరికాక మనిషి లేడు. తప్పు నాదా?

ఆ పేజీ చూపించడానికి ఊరెళ్లాను. మా ఊరికి ఇప్పుడు తారు రోడ్డు ఉంది, సరుగుడు తోటల చోట గాజు కిటికీల హోటళ్లున్నాయి. అక్క అరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది. నన్ను చూసి పీట జరిపింది, చేపలు ఏరడం మానలేదు. నేను డైరీ తెరిచి ఆ నాలుగు వాక్యాలూ చదివాను. బావ నిజమే చెప్పాడక్కా, ఇదిగో, ఆఫీసువాళ్ల రాతే ఉంది అన్నాను.

"నాకెందుకురా సదివి ఇనిపిత్తన్నావు?" అంది. "ఆయన ఎల్లినాడని నాకు తెల్దా? శవం ఉన్న ఇంట్లో పొయ్యి ఎలిగించకూడదని నిన్నటి అంబలి పోసి ఇచ్చింది నానే కదా. తగరపువలస దాకా నడిసెల్లి బస్సెక్కినాడు."

నేను డైరీ మూశాను.

"అందరికీ ఉత్తరాలు రాసినావు. నన్నెప్పుడైనా అడిగినావా?"

అడగలేదు. వాకిలి దాకా వచ్చి కూడా అడగలేదు. అక్క చేటలో చేపలు ఒకసారి ఎగరేసి మళ్లీ కింద పెట్టింది.

"ఆ అంబలి సెంబు ఆపీసులోనే మరిసిపోయొచ్చాడు," అంది. "సత్తు సెంబు. సింహాచలం తీర్తంలో అయ్య పేరు కొట్టించినాడు కదా, మెడ మీద. మల్లీ ఎల్లి తెత్తానన్నాడు. ఆపీసోల్లు ఏటంటారో, వద్దు అన్నాను నానే."

బస్సు దాకా నడుస్తూ అదే ఆలోచించాను. ఆ మధ్యాహ్నం మేనేజరు గారు కుండలోంచి తన చేత్తో నాకు నీళ్లు ముంచి ఇచ్చింది సత్తు చెంబుతోనే. మెడ మీద అక్షరాలున్నాయో లేవో నేను చూడలేదు. దాహంగా ఉంది. పూర్తిగా తాగి, తిరిగి ఆయన చేతికే ఇచ్చాను.